పసిపిల్లలున్న ఇల్లు – 3వ పాఠం: చెయ్యి ఎంతవరకు అందుతుంది?

పోయిన పాఠంలో స్నానం నీళ్ళ సంగతి చూశాం. బకెట్లో ముందు చన్నీళ్ళు, ఆ తర్వాతే వేణ్ణీళ్ళు, మోచెయ్యి ముంచి చూశాకే బిడ్డ. వారం రోజులు వరుసగా చేసినవాళ్ళకు ఈపాటికి అది అలవాటైపోయి ఉంటుంది. మధ్యలో మర్చిపోయినవాళ్ళు ఈ రోజు నుంచి మళ్ళీ మొదలుపెట్టండి, ఏం పర్వాలేదు.

ఈసారి వంటింట్లోకి వెళ్దాం. నేర్చుకునే పని ఒక్కటే: మీ బిడ్డ చెయ్యి ఎక్కడిదాకా అందుతుందో కొలవడం. మనం "జాగ్రత్త, జాగ్రత్త" అని రోజుకు యాభై సార్లు అంటాం. ఏడాది పిల్లాడికి ఆ మాట అర్థం కాదు. మన కళ్ళు కూడా రోజంతా వాడి మీదే ఉండవు. అందుకని బిడ్డను కాపలా కాయడం కన్నా వేడి వస్తువును జరపడం మీద ఎక్కువ నమ్మకం పెట్టుకోవాలి.

ఒక సుద్దముక్క, కొలత టేపు తీసుకోండి. బిడ్డను గోడ దగ్గర నిలబెట్టి, తలపైన ఇష్టమైన బొమ్మ చూపించండి. మునివేళ్ళ మీద లేచి చెయ్యి చాపుతాడు. వేలికొస తగిలిన చోట గీత గీసి, పక్కన తేదీ వెయ్యండి. ఇప్పుడు టేపుతో నేల నుంచి ఆ గీత దాకా కొలిచి, అదే టేపును వంటగట్టు దగ్గర పట్టుకోండి. చాలామంది ఇక్కడే ఉలిక్కిపడతారు. ఏడాది నిండిన పిల్లల ఎత్తు సగటున 75 సెంటీమీటర్లు, రెండేళ్ళకు 87 దాకా వస్తుంది. మన వంటగట్లు చాలా ఇళ్ళల్లో 80, 85 సెంటీమీటర్లే. అంటే గట్టు అంచున పెట్టిన పాలగిన్నె కాడ ఏడాది పిల్లాడికి అందొచ్చు. లోపల ఏముందో వాడికి కనపడదు, కాడ మాత్రమే కనపడుతుంది.

తర్వాత భుజం నుంచి వేలికొస దాకా ఒక దారంతో కొలిచి, ఆ దారాన్ని గట్టు అంచు నుంచి లోపలికి పరవండి. దారం పడినంత మేర వేడి గిన్నె ఉండకూడదు. స్టవ్ మీద కాడలన్నీ గోడవైపు తిప్పాలి. రెండు బర్నర్లుంటే మరిగేది వెనకకు జరగాలి. ఎలక్ట్రిక్ కెటిల్ వైరు గట్టు మీంచి వేలాడుతుంటే ఆ వైరు పొడవు కూడా బిడ్డ చెయ్యి పొడవులో కలిసినట్టే. బల్ల మీద గుడ్డ పరిచి దాని మీద సాంబారు గిన్నె పెట్టినా అంతే, గుడ్డ అంచు లాగితే గిన్నె వస్తుంది. పాకే పిల్లలుంటే గుడ్డ తీసెయ్యండి.

ఇక టీ. పిల్లలకు జరిగే ప్రమాదాల్లో మనం అన్నిటికన్నా తేలిగ్గా తీసుకునేది ఇదే. 60 డిగ్రీల వేడి నీళ్ళు పెద్దవాళ్ళ చర్మాన్ని లోతుగా కాల్చడానికి 5 సెకన్లు పడితే, పసివాళ్ళకు దాదాపు 1 సెకను చాలు. వాళ్ళ చర్మం అంత పల్చన. అప్పుడే పోసిన టీ అంతకన్నా ఎంతో వేడిగా ఉంటుంది. పదిహేను నిమిషాలు పక్కన పెట్టి మర్చిపోయిన టీ కూడా పసిబిడ్డను కాల్చగలదు. ఒక్క గ్లాసు ఒలికితే గడ్డం, మెడ, ఛాతీ మొత్తం తడుస్తాయి.

అందుకే ఒళ్ళో బిడ్డ ఉంటే చేతిలో గ్లాసు ఉండకూడదు. రెంటిలో ఒకటే. చుట్టాలొచ్చినప్పుడు ఈ మాట చెప్పడం కష్టమే, నాకు తెలుసు. "అత్తయ్యా, బాబును ఇటివ్వండి, మీరు నింపాదిగా టీ తాగండి" అంటే ఎవరూ నొచ్చుకోరు. ఇంట్లో గ్లాసులకు ఒక చోటు ఖాయం చేసుకోండి, సుద్దగీతకు పైన: కిటికీ గట్టో, అలమర అరో. తాగుతూ మధ్యలో లేవాల్సి వస్తే గ్లాసు అక్కడికే వెళ్ళాలి. సోఫా పక్కన నేల మీద పెట్టకూడదు.

గంజి గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. మా ఇంట్లో జరిగింది ఇదే. పదకొండు నెలల పాప, మా చిన్నాన్న మనవరాలు. నేల మీద గిన్నె పెట్టుకుని అన్నం వారుస్తున్నారు, రోజూ వార్చినట్టే. పాప ఇంకో గదిలో ఆడుకుంటోందనే అనుకున్నాం. మసిగుడ్డ కోసం ఇలా తల తిప్పేలోపు పాకుతూ వచ్చి గిన్నెలో చెయ్యి పెట్టింది. గంజి నీళ్ళలా జారిపోదు. చిక్కగా చర్మానికి అంటుకుని వేడిని అక్కడే పట్టి ఉంచుతుంది. పాయసం, పప్పు కూడా అంతే. ఆ పాపకు ఇప్పుడు పెళ్ళీడు వచ్చింది, మణికట్టు దగ్గర మచ్చ అలాగే ఉంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో గంజి వార్చేది సింకులోనే, నేల మీద కాదు. సింకు లేని ఇంట్లో వంటింటి తలుపు గడియ పెట్టుకుని వార్చండి.

జలుబుకు చిన్నపిల్లలను మరిగే నీళ్ళ గిన్నె ముందు కూర్చోబెట్టి ఆవిరి పట్టడం కూడా మానెయ్యండి. దుప్పటి కింద గిన్నె తిరగబడితే తప్పించుకునే దారే ఉండదు.

కాలాక ఏం చెయ్యాలన్నది వచ్చే పాఠం. కానీ ఈలోపే అవసరం పడొచ్చు కాబట్టి ముఖ్యమైన మాట ఇప్పుడే చెప్తాను. ముందు తడిసిన బట్టలు, డైపరు, గాజులు, మొలతాడు తీసెయ్యండి. చర్మానికి అంటుకుపోయినవి మాత్రం లాగొద్దు. కాలిన చోట కొళాయి నీళ్ళు 20 నిమిషాలు ధారగా పోయండి. టెన్షన్లో రెండు నిమిషాలే ఇరవై అనిపిస్తాయి, గడియారం చూడండి. మిగతా ఒంటికి చలి వెయ్యకుండా గుడ్డ కప్పండి. ఐసు వద్దు. టూత్‌పేస్టు, పసుపు, కాఫీపొడి, సిరా, నెయ్యి ఏవీ వద్దు. తర్వాత శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ముఖం, చేతులు, పాదాలు, మర్మాంగాలు కాలినా, బొబ్బలెక్కినా, బిడ్డ అరచెయ్యి కన్నా పెద్దదైనా ఆలస్యం చెయ్యొద్దు, 108కి ఫోన్ చెయ్యండి. ఏడాదిలోపు బిడ్డకైతే ఎంత కొంచెం కాలినా డాక్టరుకు చూపించాల్సిందే.

ఈ వారం అభ్యాసం: గోడ మీద గీత గియ్యండి, బిడ్డ పుట్టిన తేదీ ప్రతి నెలా వచ్చినప్పుడల్లా కొత్త గీత. గట్టు మీద చోటు మార్చిన వస్తువులు ఓ కాగితం మీద రాసుకోండి. ఇంకొకటి, వచ్చే పాఠానికి ముందే చూసిపెట్టుకోండి: మీ ఇంట్లో ఏ కొళాయి కింద బిడ్డను 20 నిమిషాలు పట్టుకుని కూర్చోవచ్చు? కొళాయి నీళ్ళు పూటకోసారే వచ్చే ఊరైతే, శుభ్రమైన నీళ్ళు నిండుగా ఉండే బిందె ఏది, చెంబు ఎక్కడుంది?