విక్టోరియా కాలపు పార్లమెంటు సభ్యుని జీవితం రాయాలంటే

విజయవాడలోనో గుంటూరులోనో కూర్చొని విక్టోరియా రాణి కాలపు బ్రిటిష్ పార్లమెంటు సభ్యుని గురించి వ్యాసం రాయదలచినవారు ముందుగా పుట్టుక, వంశం, చదువు అనే వరుసను పక్కన పెట్టి, ఆ మనిషి రాజకీయం మన ఖజానాను ఎక్కడ తాకిందో వెతకాలి.

హెన్రీ ఫాసెట్‌నే తీసుకుందాం. 1833లో పుట్టి, 1858లో తండ్రి తుపాకి గుండ్లు పొరపాటున తగిలి రెండు కళ్లూ పోగొట్టుకొన్న ఆయన, 1863లో కేంబ్రిడ్జిలో అర్థశాస్త్ర ఆచార్యుడై, 1865లో బ్రైటన్ నుంచి సభకు ఎన్నికయ్యాడు. అంధత్వం మీద కరుణరసం పొంగించాలని చేయి ఉబలాటపడుతుంది గాని, దానికి ఈ ఒక్క వాక్యం చాలు.

అసలు కథ పద్దుల్లో ఉంది. 1867లో టర్కీ సుల్తాను లండన్ వచ్చినప్పుడు భారత వ్యవహారాలు చూసే ఇండియా ఆఫీసులో జరిపిన నృత్యవినోదపు ఖర్చును భారత ఖజానా మీద వేయగా ఫాసెట్ సభలో తప్పుపట్టాడు. కృష్ణా డెల్టా రైతు చెల్లించిన శిస్తు కూడా చేరిన ఖజానా అది. 1874లో బ్రైటన్‌లో ఓడి, అదే ఏడు హాక్నీ నుంచి గెలిచినప్పుడు ఎన్నిక ఖర్చుకు భారతీయులు చందాలు పంపారు. విజయవాడలో రామమోహన గ్రంథాలయం వెలసిన 1911లో గాని బ్రిటిష్ పార్లమెంటు సభ్యులకు జీతం రాలేదన్న సంగతి చెప్పకపోతే, ఆ చందా విలువ పాఠకునికి అందదు.

ప్రసంగాలకు సభా చర్చల సంపుటాలైన హాన్సార్డ్‌ను ఇంటర్నెట్‌లో చూడవచ్చు. అయితే 1909కి ముందటి హాన్సార్డ్ చాలావరకు పత్రికల నివేదికల నుంచి కుదించి కూర్చినదే గాని మాటకు మాట రాసినది కాదు కనుక, అందులోని వాక్యాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి ఆయన నోటి మాటగా అచ్చువేయడం తగదు. ఎవరు ఎటు ఓటు వేశారో తెలిపే జాబితాలను మాత్రం 1836 నుంచి సభే ప్రకటించింది. మాటకంటె ఓటును నమ్మడం మేలు.

భారతదేశం తరఫున సభలో వాదించినందుకు వచ్చిన ‘భారత సభ్యుడు’ అన్న బిరుదు చూసి ఆయనను దేవుణ్ణి చేయకూడదు. ఫ్యాక్టరీలలో స్త్రీల పని గంటలను చట్టంతో తగ్గించడాన్ని ఎదిరించినదీ ఆయనే. 1880లో తపాలా శాఖకు అధిపతి అయిన పోస్టుమాస్టర్ జనరల్ కావడం, 1883లో పార్శిల్ తపాలా మొదలవడం, 1884లో మరణం క్లుప్తంగా చెప్పవచ్చు.

పౌన్లను నేటి రూపాయల్లోకి మార్చవద్దు. 1870ల ఆరంభం దాకా పౌనుకు రమారమి పది రూపాయలు ఉండగా, తరువాత వెండి ధర పడి రూపాయి విలువ తగ్గుతూ వచ్చింది కనుక, ప్రతి మొత్తం పక్కన సంవత్సరం వేయాలి.