జాజు నీటితో రాతి మీద చేతి ముద్ర ఊదడం ఎలా?

చేతికి రంగు పూసుకుని గోడకు అద్దితే పడేది ఒక రకం ముద్ర. చేతిని గోడకు ఆనించి, చుట్టూ రంగు నీటిని సన్నని తుంపరగా ఊది, ఆపైన చేతిని తీసేస్తే మిగిలేది మరో రకం. మొదటిది పిడక మీద కనిపించే ఐదు వేళ్ళ గుర్తు వంటిది, చేయి తాకిన చోటే పడుతుంది. రెండవదానిలో చేయి ఉన్నంత మేరా రాయి రాయిగానే మిగిలి, చుట్టూ పరుచుకున్న రంగు చేతి ఆకారాన్ని పట్టి చూపిస్తుంది. ఇండోనేషియాలోని సులవేసి దీవిలో, లియాంగ్ టింపుసెంగ్ గుహలో, కనీసం 39,900 ఏళ్ళ నాటిదని 2014లో ప్రకటించిన ముద్ర ఈ రెండవ రకానిదే. ఫ్రాన్స్‌లోని పెష్ మెర్ల్ గుహలో చుక్కల గుర్రాల పక్కన ఉన్న నల్లని చేతులూ, గార్గాస్ గుహలోని రెండు వందలకు పైగా చేతులూ ఈ రకానివే.

పాఠశాలల్లో ఆదిమానవుల చిత్రకళ అంటూ పిల్లల అరచేతులకు పోస్టర్ రంగు పూసి కాగితం మీద అద్దించడం నేను లెక్కలేనన్ని సార్లు చూశాను. ఒకచోట నన్ను పిలిచి, నేను వెళ్ళేసరికే పిల్లల చేతుల చుట్టూ పెన్సిలుతో గీతలు గీయించి, బయటి భాగాన్ని బ్రష్షుతో నింపిస్తున్నారు. ఆ పిల్లలు నేర్చుకున్నది గీత లోపలా బయటా రంగు వేయడమే తప్ప గుహల్లో జరిగిన పని కాదు. గుహల్లో జరిగిన పని ఊపిరితో జరిగింది. ఊదకుండా వేసినది ఈ ముద్ర కాదు.

మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక. ఈ పనిని కొండ మీద, గుహలో, పడగలా ముందుకు వంగిన పడిగరాళ్ళ కింద ఎప్పుడూ చేయకూడదు. కేతవరంలో, చింతకుంటలో, పాండవుల గుట్టలో ఎర్రటి పాత చిత్రాలున్న రాళ్ళకు కొత్త రంగు ఒక్క చుక్క తగిలినా అది చెరిపివేతే. రక్షిత ప్రదేశంలో ఆ పని చేస్తే 1958 నాటి పురాతన కట్టడాల చట్టం కింద శిక్ష కూడా ఉంటుంది. రంగులు బాగా తేలుతాయని పాత చిత్రాల మీద నీళ్ళు చల్లడమూ ఇంతటి తప్పే. ఫ్రాన్స్‌లో ఆదిమానవుల చిత్రాలున్న లాస్కో గుహను 1940లో కనుగొన్నాక జనం తండోపతండాలుగా వెళ్ళడంతో, వాళ్ళ ఊపిరిలోని తేమకూ బొగ్గుపులుసు వాయువుకూ గోడలు పాడై, 1963లో దానిని సందర్శకులకు మూసివేయవలసి వచ్చింది. మన ఊపిరిని మన ఇంటి రాయి మీదే వాడుకుందాం.

కావలసినవి

అడుగున్నర చదరపు తాండూరు బండ ఒకటి తీసుకోండి. పాలిష్ పట్టనిది కావాలి. అది సున్నపురాయే, మనం చెప్పుకునే గుహలు కూడా సున్నపురాతివే. గ్రానైట్ మీద కూడా ముద్ర పడుతుంది గాని, దాని మెరుపు కణాల మధ్య అంచు స్పష్టంగా కనిపించదు కాబట్టి నేను దానిని వాడనివ్వను. కాగితం, అట్ట అసలే వద్దు, అవి నీటిని పీల్చి అంచును పాడుచేస్తాయి.

రంగుకు జాజు వాడాలి. కొందరు జేగురు అంటారు, ఆయుర్వేదం వారు గైరికం అంటారు. అరుగులకు సున్నపు చారల మధ్య పూసే ఎర్రమట్టి అదే. నంద్యాల జిల్లా బేతంచెర్ల ప్రాంతంలో దీని గనులున్నాయి. గడ్డగా ఉన్నదే కొనండి, టైలు వెనకవైపు గరుకు మీద గీస్తే ఎర్రటి గీత పడాలి. గచ్చుకు కలిపే రెడ్ ఆక్సైడ్ పొడి, కుంకుమ, సిందూరం వాడకండి. సిందూరంలో సీసం ఉంటుంది, అది నోటి దరిదాపులకు కూడా రాకూడదు. పసుపుపచ్చ జేగురు మాత్రమే దొరికితే ఇనుప పెనం మీద బాగా కాల్చండి, అందులోని నీరు పోయి అది ఎర్రబడుతుంది.

గడ్డను కల్వంలో కొంచెం నీటితో తడిపి నూరాలి. పొడిగా నూరితే దుమ్ము లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నూరిన ముద్దను నీటిలో కలిపి పలుచని పాత నూలు గుడ్డలో వడకట్టండి. గుడ్డ మీద మిగిలిన ఇసుకను మళ్ళీ కల్వంలోకి వేయండి. చివరికి మిగిలేది పలుచని మజ్జిగ చిక్కదనంలో ఉండాలి. జిగురు కలపకూడదు. రంగు రాలిపోతుందేమోనని చాలామంది ఫెవికాల్ కలుపుతారు, దానితో గొట్టం మూసుకుపోవడం తప్ప జరిగేదేమీ లేదు. దక్షిణాఫ్రికాలోని బ్లోంబోస్ గుహలో లక్ష ఏళ్ళ నాటి రంగు సామగ్రి 2008లో దొరికింది. రెండు పెద్ద నత్తగుల్లల్లో జాజు పొడి, బొగ్గు, చితక్కొట్టిన ఎముకల కొవ్వు, పక్కనే నూరడానికి వాడిన రాళ్ళు ఉన్నాయి. ఆ కొవ్వు మిశ్రమం పూతకు పనికివస్తుందేమో గాని, ఊదడానికి నీరే మేలు.

ఇక గొట్టాలు రెండు. సన్నని ఎండు వెదురు కొమ్మ నుంచి గాని, రెల్లు కాడ నుంచి గాని కోసుకోండి. ఒకటి అయిదు సెంటీమీటర్లకు మించకుండా, సన్న రంధ్రంతో. మరొకటి పన్నెండు సెంటీమీటర్లు, కొంచెం వెడల్పు రంధ్రంతో. రంగు పోసుకోవడానికి లోతైన ఆల్చిప్ప చాలు.

ఊదడం

ఇక్కడే అందరూ చెడగొట్టేది. కాబట్టి నిదానంగా చదవండి.

రంగు నీటిని నోట్లో పెట్టుకుని ఉమ్మి వేయడం ఒక పద్ధతి. పెష్ మెర్ల్ గుర్రాల చిత్రాన్ని ఫ్రెంచి పురావస్తు శాస్త్రవేత్త మిషెల్ లోర్‌బ్లాంషే వేరే గోడ మీద అలాగే ఉమ్మి వేస్తూ తిరిగి చిత్రించి, అది సాధ్యమేనని చూపించారు. ఆయన పనిమీద నాకు ఎంతో గౌరవం ఉంది. అయినా మట్టిని నోట్లో పెట్టుకోమని ఎవరికీ, ముఖ్యంగా పిల్లలకు, నేను చెప్పను. ఒకే గొట్టంలో రంగు నింపి ఊదడం మరో పద్ధతి. అందులో తుంపర రాదు, చిమ్ముడు వస్తుంది. రెండు గొట్టాల పద్ధతి ఈ రెండింటికంటే మంచిది, మూడింటినీ పక్కపక్కనే చేసి చూసినవారెవరూ మళ్ళీ మొదటి రెండింటి జోలికి పోరు.

పొట్టి గొట్టాన్ని ఆల్చిప్పలోని రంగులో నిలువుగా ఉంచండి. పొడవు గొట్టాన్ని పెదవుల మధ్య పట్టి, దాని కొనను నిలువు గొట్టం పైకొన అంచుకు అడ్డంగా, మూలమట్టంలా ఆనించండి. ఊదినప్పుడు గాలి నిలువు గొట్టం నోటి మీదుగా వేగంగా పోతుంది, అక్కడ ఒత్తిడి తగ్గి రంగు పైకి లేస్తుంది, లేచిన రంగును ఆ గాలే తుంపరగా చీలుస్తుంది. దోమల మందు కొట్టే పాత ఫ్లిట్ పంపు పనిచేసేది ఈ సూత్రం మీదే. అడ్డ గొట్టం కొన నిలువు గొట్టం నోటిని సగం మించి మూయకూడదు. పూర్తిగా మూస్తే గాలి కిందికి పోయి ఆల్చిప్పలో బుడగలు వస్తాయి, మరీ దూరమైతే రంగు లేవనే లేవదు. కొందరు రెండు గొట్టాలనూ దారంతో కట్టేస్తారు. కట్టకూడదు. తుంపర సన్నబడటమూ ముతకబడటమూ ఆ రెండింటి మధ్య వెంట్రుకవాసి కదలిక మీద ఆధారపడి ఉంటుంది, కట్టేస్తే ఆ పట్టు మీ చేతిలో ఉండదు.

మొదటి పది ఊపిరులూ పనికిరాని రాతి ముక్క మీద ఊదండి. చుక్కలు ఆవగింజంత పడితే రంగు చిక్కగా ఉందని, జారి చారలు కడితే పలుచగా ఉందని అర్థం. దుమ్ము వాలినట్టు, ఒక్కో చుక్కా విడిగా కనిపించీ కనిపించనట్టు పడినప్పుడు అసలు బండ దగ్గరికి రండి. దాన్ని గోడకు ఆనించి నిలబెట్టండి. పడుకోబెట్టిన బండ మీద పెద్ద చుక్కలు నేరుగా రాలి ముద్ర మచ్చలు పడుతుంది.

ఎడమ అరచేతిని బండకు ఆనించి, వేళ్ళను విడదీసి, మణికట్టు వరకు గట్టిగా నొక్కండి. ఎక్కడ సందు ఉంటే అక్కడ రంగు లోపలికి దూరుతుంది, ముఖ్యంగా బొటనవేలి మొదట్లో. నోటికీ బండకూ మధ్య జానెడు దూరం ఉండాలి. ఊపిరిని వేళ్ళ అంచులకు ఎదురుగా, నిటారుగా పంపాలి. పక్క నుంచి ఊదితే వేలికి ఒకవైపు రంగు చిక్కబడి, మరోవైపు నీడలా ఖాళీ పడుతుంది. అప్పుడు ఆ వేలు అసలుకంటే లావుగా కనిపిస్తుంది. పొట్టి ఊపిరులు ఊదండి, ఒక్కొక్క దానికీ రెండు మూడు అంగుళాలు జరగండి. చిటికెన వేలి కొన నుంచి మొదలుపెట్టి, వేళ్ళ సందులన్నీ దాటి, బొటనవేలు చుట్టి మణికట్టు దగ్గర ముగించండి. మొదటి చుట్టు చాలా పలుచగా ఉంటుంది, చూసినవారికి ఏమీ పడలేదనిపిస్తుంది. కంగారుపడి అక్కడే చిక్కగా ఊదేవారందరికీ రంగు జారి వేలి కిందికి పాకుతుంది. ఆ తప్పుకు మందు లేదు, బండ కడిగి మళ్ళీ మొదలుపెట్టవలసిందే. మొదటి చుట్టు తడి ఆరేదాకా చేయి కదపకుండా ఆగి రెండోది, మళ్ళీ ఆగి మూడోది ఊదండి. నాలుగు చుట్లు సరిపోతాయి. మధ్యలో తల తిరిగినట్టు అనిపిస్తే ఊదడం ఆపండి, చేయి మాత్రం తీయకండి. పిల్లలకైతే చేయి ఒకరిది, ఊపిరి మరొకరిది కావచ్చు.

గుహల్లో ఎడమ చేతులే ఎక్కువ కనిపిస్తాయి. గొట్టం పట్టుకున్నది కుడి చేయి కాబట్టి అలా జరిగిందని చెబుతారు, ఆల్చిప్ప ఏ చేత్తో పట్టుకున్నారో మీరూ గమనించండి. అయితే కుడి చేతి వెనకభాగాన్ని రాతికి ఆనించి ఊదినా ఎడమ అరచేయి లాంటి ముద్రే వస్తుంది. గార్గాస్ ముద్రల్లో చాలా వేళ్ళు పొట్టిగా ఉంటాయి. మంచుకు వేళ్ళు పోయాయని కొందరు, కోసుకున్నారని కొందరు, మడిచారని కొందరు వాదించారు. అరచేయి ఆనించి ఉంగరపు వేలు మడవడానికి ప్రయత్నించండి, అరచేయి రాయిని వదిలేస్తుంది, అంచు పాడవుతుంది. వెనకభాగం ఆనించి మడవండి, వేలు లేనట్టే చక్కని ముద్ర పడుతుంది. ఇది చేసి చూశాక నేను మడిచారనే వైపే మొగ్గుతున్నాను.

చేయి తీయడం

పక్కకు లాగకండి. మణికట్టు ముందు, తర్వాత అరచేయి, చివరగా వేళ్ళ కొనలు, నేరుగా వెనక్కి రావాలి. సరిగా వచ్చిన ముద్రలో వేలి అంచు దగ్గర రంగు అన్నిటికంటే చిక్కగా ఉండి, బయటికి పోయేకొద్దీ పొగలా పలచబడుతుంది. గోళ్ళ పక్కన రంగు నిలిచి మీ చేతి మీద కూడా ఎర్రటి గీత ఉంటుంది. అది రెండు రోజులకు పోతుంది.

బండను నీడలో ఒక రోజు ఆరనివ్వండి, వార్నిష్ పూయకండి. సున్నపు గుహల్లో గోడ మీద ఊరే నీరు రంగు మీద పలుచని సున్నపు పొరను పేర్చి దాన్ని కాపాడుతుంది. ఆ పొరలో యురేనియం కాలక్రమాన థోరియంగా మారుతుంది, సులవేసి ముద్ర వయసు కట్టింది ఆ లెక్కతోనే. మన ఇంట్లో ఆ పొర ఏర్పడదు కాబట్టి బండను వర్షం తగలని చోట ఉంచితే చాలు.

గొట్టాలను వెంటనే నీటితో ఊది కడగండి. ఆల్చిప్పలో మిగిలిన జాజును పారబోయకుండా అలాగే ఎండనివ్వండి, వచ్చేసారి కొంచెం నీళ్ళు పోసి వేలితో రుద్దితే మళ్ళీ కరుగుతుంది.