తప్పు చేసిన రోజున ప్రార్థనకు కూర్చోవడం ఎలా

ముందు మారి, ఆ తరువాత దేవుని దగ్గరకు వెళ్దామనుకోకండి. ఆ ఆలోచనే మనలో చాలామందిని ఏళ్ల తరబడి దూరంగా ఉంచుతుంది. విశాఖలో రాస్ హిల్ మీది మరియమాత గుడి దగ్గరైనా, బీచ్ రోడ్డు గట్టు మీదైనా కూర్చుని, లూకా సువార్త 15వ అధ్యాయంలో 11 నుండి 24 వరకు వచనాలను నెమ్మదిగా చదవండి. అది, ఆస్తిలో తన వాటా తీసుకుని ఇల్లు విడిచి, అంతా పోగొట్టుకున్న చిన్నకొడుకు గురించి యేసు చెప్పిన కథ. కూలివానిగా పెట్టుకొమ్మని తండ్రిని అడగడానికి అతను మాటలు కూర్చుకుని వచ్చాడు. అయితే ఆ మాట అతని నోట రాకముందే, దూరాన ఉండగానే చూసి పరుగెత్తి వచ్చిన తండ్రి, వస్త్రం, ఉంగరం, చెప్పులు తెమ్మని పనివారికి చెప్పాడు. నాకైతే ఆ చెప్పుల దగ్గరే కళ్లు చెమర్చుతాయి.

తరువాత మీ తప్పును సాకులు చేర్చకుండా, దాని పేరుతోనే ఒప్పుకోండి. మనమింకా పాపులమై ఉండగానే క్రీస్తు మన కోసం చనిపోయాడని రోమా పత్రిక 5:8 చెబుతోంది కాబట్టి, ఆ ఒప్పుకోలును దేవుని ప్రేమకు చెల్లించే వెలగా భావించకండి. ఎవరికైనా నష్టం చేసి ఉంటే, ఆ సాయంత్రమే వెళ్లి సరిదిద్దండి.