చెరకు పిప్పితో నీళ్లు వడకట్టే పొర

చెరకు రసం బండి దగ్గర అడిగితే పిప్పి ఊరికే ఇస్తారు. వరిగడ్డితోనూ చేయొచ్చు గానీ అందులో సిలికా (ఇసుకలో ఉండే పదార్థమే) ఎక్కువ, గుజ్జులోంచి నీళ్లు ఓ పట్టాన దిగవు, కాబట్టి మొదటిసారికి పిప్పే నయం. తీపి పోయేదాకా కడిగి, ఎండబెట్టి, చేత్తో నలిపి జల్లెడ పట్టండి. మెత్తటి బెండంతా పొడిగా రాలిపోవాలి, లేదంటే ఉడికించేటప్పుడు కాస్టిక్ సోడాని అదే పీల్చేసుకుని, తర్వాత పొరలో సందుల్ని కూడా అదే పూడ్చేస్తుంది. మనకి కావాల్సింది పీచు.

100 గ్రాముల పీచుకి లీటరున్నర నీళ్లు, 75 గ్రాముల కాస్టిక్ సోడా. స్టీలు గిన్నెలోనే, అల్యూమినియం అయితే సోడా తినేస్తుంది. సోడాని నీళ్లలో కొంచెం కొంచెంగా వేయాలి, సోడా మీద నీళ్లు పోస్తే ఒక్కసారిగా వేడెక్కి మొహం మీదికి చిందుతుంది. గ్లౌజులు, కళ్లద్దాలు లేకుండా మొదలే పెట్టొద్దు. గాలి ఆడేచోట రెండు గంటలు ఉడికిస్తే, పీచు పోగుల్ని అతికించి ఉంచే లిగ్నిన్ కరిగి నల్లటి నీళ్లుగా దిగుతుంది. ఆ నీళ్లు కాలవలో పోయకండి, అందుకే ఈ పని కాలేజీ ల్యాబులో చేసుకుంటే మంచిది, అక్కడి వ్యర్థాలతో పాటే పోతాయి.

ఇక కడగడం. విసుగొస్తుంది, అయినా పీహెచ్ పేపర్ 7 చూపించేదాకా, అంటే సోడా ఘాటు పూర్తిగా పోయేదాకా, కడగాల్సిందే. తర్వాత బాగా నీళ్లు పోసి మిక్సీలో తిప్పండి (ఆ జార్ మళ్లీ వంటింట్లోకి రాకూడదు). ఎంత తిప్పితే పోగులు అంత చీలి, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి. నైలాన్ గుడ్డ బిగించిన జల్లెడ మీద గుజ్జుని సమంగా పోసి, నీళ్లు దిగాక రెండు గుడ్డల మధ్య పెట్టి బరువుతో నొక్కి ఆరబెట్టాలి.

ఇలాగే వాడితే తడికి చిరుగుతుంది. రొయ్యల పెంకుల నుంచి తీసే కైటోసాన్ ఒక గ్రాము, సగానికి సగం నీళ్లు కలిపిన 100 మిల్లీలీటర్ల వెనిగర్‌లో కరిగించి పూత వేయండి. ఆరాక పల్చటి వాషింగ్ సోడా నీళ్లలో ముంచి కడిగేస్తే, పూత మళ్లీ కరగదు.

దీనికి బురద, నలకలు ఆగుతాయి. ఈ.కొలై బ్యాక్టీరియా పొడవు 2 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), చేత్తో చేసిన పొరలో సందులు అంతకంటే పెద్దవి, కాబట్టి ఈ నీళ్లు నేరుగా తాగొద్దు. నల్గొండ వైపు ఫ్లోరైడ్‌కి అసలే పనికిరాదు, అది నీళ్లలో కరిగి ఉంటుంది. మొక్కలకో, ఇల్లు కడగడానికో వాడుకోండి, నీళ్లు దిగడం మందగిస్తే పొర మార్చేయండి.