ఎమ్మెల్యే ఆఫీసు నుంచి పథకాల సమాచారం జనానికి చేరవేయడం ఎలా?

పొద్దున ఎనిమిదింటికి ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసు ముందు గుంపును చూసి ‘అన్నకు జనంలో మంచి పట్టుంది’ అనుకుంటారు చాలామంది. దగ్గరికెళ్లి వాళ్ల చేతుల్లోని కాగితాలు చూస్తే సంగతి వేరేలా ఉంటుంది. ఒకావిడ పింఛను ఎందుకు ఆగిందో తెలియక వచ్చింది. ఇంకొకాయన మీసేవలో అయిపోయే ఆదాయ ధ్రువపత్రం కోసం నిలబడ్డాడు. వీళ్లలో చాలామందికి కావాల్సింది ఎమ్మెల్యే కాదు. ఏ ఆఫీసు, ఏ కాగితాలు, ఎప్పటిలోగా అనే మూడు ముక్కలు తెలిస్తే చాలు. అవి ఇంట్లో ఉండగానే తెలిస్తే ఒక రోజు కూలి మిగులుతుంది. ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సులో టికెట్ లేదన్నమాటే గానీ, పోయిన కూలిని ఎవరూ తిరిగివ్వరు కదా.

మీరు ఎమ్మెల్యే ఆఫీసులో పీఏగానో, సోషల్ మీడియా చూసే కుర్రాడిగానో ఉంటే ఇక్కడ చెప్పేది నేరుగా మీ పనే. మామూలు ఓటరైతే, మీ ఎమ్మెల్యే ఆఫీసును ఏమేం అడగొచ్చో తెలుస్తుంది. ఉదాహరణలు ఎక్కువగా తెలంగాణవి. ఏపీలో తేడా ఉన్నచోట ఆ సంగతీ చెబుతాను.

1. ఎవరి చేతిలో ఏముందో ముందు రాసుకోండి

అన్ని పథకాలూ ఎమ్మెల్యే సంతకంతో నడవవు. కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ కింద వచ్చే 1,00,116 రూపాయల్లో ఆయన పాత్ర ఉంది. దరఖాస్తును తహసీల్దారు విచారించాక ఎమ్మెల్యే ఆమోదానికి వస్తుంది, తర్వాత ఆర్డీవో మంజూరు చేస్తారు. ముఖ్యమంత్రి సహాయ నిధికి (సీఎంఆర్ఎఫ్) ఆయన సిఫార్సు లేఖ పనికొస్తుంది. ఆరోగ్యశ్రీకి మాత్రం ఎవరి లేఖా అక్కర్లేదు, ఆస్పత్రిలో కూర్చునే ఆరోగ్యమిత్రను కలవాలి. కులం, ఆదాయం సర్టిఫికెట్లకు మీసేవ ఉంది. ఏపీలో అయితే 2019 అక్టోబర్ 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయాలున్నాయి. 2025 జనవరిలో వచ్చిన ‘మన మిత్ర’ వాట్సాప్ నంబరు 95523 00009 కూడా ఉంది.

ఈ పట్టికను ఆఫీసు గోడకు అంటించండి. ‘ఈ పనికి మా దగ్గరికి రానక్కర్లేదు, నేరుగా ఫలానా చోటికి వెళ్లండి’ అని రాయడానికి అనుచరులు ఒప్పుకోకపోవచ్చు. గుంపు పలచబడితే అన్న పలుకుబడి తగ్గిపోతుందని వాళ్ల బెంగ. నా లెక్కలో మాత్రం మీసేవ పని కోసం క్యాంపు ఆఫీసుకు వచ్చిన ప్రతి మనిషీ ఆ ఆఫీసు చెప్పాల్సింది చెప్పలేదనడానికి సాక్ష్యమే.

2. మీ నియోజకవర్గానికి సరిపోయే జాబితా తయారు చేయండి

తెలంగాణలో 119 నియోజకవర్గాలుంటే, 119 చోట్లా ఒకటే పోస్టరు కనిపిస్తుంది. అక్కడే తేడా వస్తోంది. నిజామాబాద్, జగిత్యాల వైపు గల్ఫ్‌కు పోయినవాళ్ల ఇళ్లు ఎక్కువ. గల్ఫ్‌లో కార్మికుడు చనిపోతే కుటుంబానికి రాష్ట్ర ప్రభుత్వం 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ఇస్తుందని, దానికి కలెక్టరుకు దరఖాస్తు పెట్టుకోవాలని ఆ ఊళ్లలో ప్రతి ఇంటికీ తెలియాలి. పత్తి పండే ఆదిలాబాద్, వరంగల్ వైపైతే సీసీఐకి (పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ) అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో ముందుగా స్లాట్ బుక్ చేసుకోవాలన్నది సీజన్‌కు ముందే చెప్పాల్సిన మాట. హైదరాబాద్ బస్తీల్లో ఈ రెండిటికన్నా దగ్గర్లోని బస్తీ దవాఖానా ఎక్కడో చెప్పడమే మేలు.

ప్రభుత్వ పథకాలతో ఆపొద్దు. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయ పరిమితి కూడా అడ్డు రాదు. దాని హెల్ప్‌లైన్ 15100. వృద్ధులకు 14567, మహిళలకు 181, పిల్లలకు 1098, మనసు బాగోలేనివాళ్లకు టెలీ మానస్ 14416. ఇవన్నీ ఒక చిన్న కార్డు మీద పట్టేస్తాయి. రెడ్‌క్రాస్ రక్తనిధి, ఊరి లైబ్రరీ, పోటీ పరీక్షలకు శిక్షణ ఇచ్చే స్టడీ సర్కిల్ చిరునామాలు వెనకవైపు వేయండి. ఎమ్మెల్యే ఫొటో వేయాలనుకుంటే వేసుకోండి, అంకెలకు చోటు మిగిల్చి.

3. సందేశం రాయడం: అసలు పనంతా ఇక్కడే ఉంది

ఆఫీసుల నుంచి మామూలుగా వెళ్లే సందేశం ఇలా ఉంటుంది: ‘పేదల పాలిట వరం సీఎంఆర్ఎఫ్. గౌరవ శాసనసభ్యుల చేతుల మీదుగా లబ్ధిదారులకు చెక్కుల పంపిణీ.’ కింద ఫొటో. ఆ రాత్రి నాన్నను ఆస్పత్రిలో చేర్చినవాడికి ఇందులో పనికొచ్చే మాట ఒక్కటీ లేదు.

అదే విషయాన్ని ఇలా రాసి చూడండి:

‘ఆపరేషన్‌కు డబ్బు సరిపోవడం లేదా? మొదట ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రను కలవండి. ఆరోగ్యశ్రీలో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా చికిత్స ఉచితం. మీ జబ్బు అందులో లేకపోతే, నిమ్స్ లాంటి చోట ఆపరేషన్‌కు ముందే ఎల్వోసీ (ఖర్చు ప్రభుత్వం భరిస్తుందని ఆస్పత్రికి ఇచ్చే హామీ పత్రం) తీసుకోవచ్చు. డాక్టరు ఇచ్చిన ఎస్టిమేషన్, పేషెంటు ఆధార్, రేషన్ కార్డు తీసుకుని మా ఆఫీసుకు రండి. ప్రైవేటులో ఇప్పటికే ఖర్చు పెట్టేసి ఉంటే సీఎంఆర్ఎఫ్‌కు దరఖాస్తు పెడదాం. డిశ్చార్జి సమ్మరీ, ఒరిజినల్ బిల్లులు పారేయకండి. ఈ పనికి ఎవరికీ రూపాయి ఇవ్వకండి.’

ఎల్వోసీ ముందు, సీఎంఆర్ఎఫ్ తర్వాత. ఈ ఒక్క తేడా తెలియకే ఎన్నో కుటుంబాలు అయిదు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి ఆపరేషన్ చేయించి, ఆ తర్వాత క్యాంపు ఆఫీసుకు వస్తాయి. అప్పటికి ఎల్వోసీకి వేళ మించిపోయి ఉంటుంది. సీఎంఆర్ఎఫ్‌లో పెట్టిన ఖర్చంతా తిరిగి రాదు, వచ్చేది కొంతే. ఈ ముక్క కూడా సందేశంలో ఉండాలి. ఆశ పెట్టి తర్వాత చెక్కు చూపిస్తే తిట్లు తప్పవు.

ఒరిజినల్ బిల్లుల మీద అంత పట్టు ఎందుకని అడిగేవాళ్లకు కారణం చెప్పండి. నకిలీ బిల్లులతో ఈ నిధిని కాజేశారని 2024లో సీఐడీ కొన్ని ఆస్పత్రుల మీద కేసులు పెట్టింది. ఆ ఏడాది జూలై నుంచే దరఖాస్తులు ఆన్‌లైన్‌కు మారాయి. కారణం తెలిస్తే కాగితాలు జాగ్రత్త చేస్తారు. ఉట్టి ‘నిబంధన’ అంటే విసుక్కుంటారు.

రాసేటప్పుడు ఇంకో మాట. ‘అర్హులైన లబ్ధిదారులు సంబంధిత అధికారులను సంప్రదించగలరు’ అనే వాక్యాన్ని మీ ఆఫీసులో ఎవరు టైపు చేసినా కొట్టేయండి. అర్హత ఏమిటో, అధికారి ఎవరో, ఏ గదిలో కూర్చుంటారో రాయించండి.

4. వాట్సాప్ ఒక్కటే సరిపోదు

వాట్సాప్‌లో గ్రూపు కన్నా చానల్ మేలు. గ్రూపులో చేరితే నంబరు అందరికీ కనిపిస్తుంది కాబట్టి ఆడవాళ్లు చేరడానికి జంకుతారు. పైగా రెండో రోజుకే గుడ్ మార్నింగ్ పూలు, పార్టీ గొడవలు. చానల్‌లో ఆ బెడద లేదు. చదవడం రానివాళ్ల కోసం ప్రతి సందేశానికీ నిమిషం వాయిస్ జోడించండి, మీ ప్రాంతపు యాసలోనే.

ఫోన్ లేనివాళ్ల కోసం రేషన్ షాపు గోడను వాడుకోండి. 2025 ఉగాదికి సన్నబియ్యం మొదలయ్యాక అక్కడికి రానివాళ్లు తక్కువ. మహిళా సంఘం మీటింగులో వీవోఏతో (ఊళ్లో సంఘాల లెక్కలు చూసే కార్యకర్త) అయిదు నిమిషాలు చదివించండి. రైతులకైతే రైతు వేదిక. గడువు దగ్గర పడితే డప్పు చాటింపును మించింది లేదు.

5. దరఖాస్తు తిరస్కరిస్తే ఏం చేయాలో కూడా చెప్పండి

పథకం వచ్చిందని అందరూ చెబుతారు. రాకపోతే ఎక్కడికి పోవాలో చెప్పేవాళ్లు తక్కువ. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది. అర్జీ ఇచ్చి రసీదు తప్పకుండా తీసుకోమనండి. హైదరాబాద్ ప్రజాభవన్‌లో మంగళ, శుక్రవారాల్లో తీసుకుంటారు. ఏపీలోనూ సోమవారమే కలెక్టరేట్లలో అర్జీలు తీసుకుంటారు, ఫోన్ చేయాలంటే 1100. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద పది రూపాయల రుసుముతో అడగొచ్చు. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఆ పది కూడా అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. అధికార పార్టీ ఎమ్మెల్యే ఆఫీసుకు ఈ మాట చెప్పడం కొంచెం ఇబ్బందే. అయినా చెప్పాలి.

6. మోసాల హెచ్చరిక ప్రతిసారీ పెట్టండి

పథకం పేరు వినపడగానే దొంగ లింకులు బయల్దేరతాయి. పీఎం కిసాన్ పేరుతో వచ్చిన ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) నొక్కి ఖాతా ఖాళీ చేసుకున్నవాళ్లు ఎందరో. ‘మా ఆఫీసు ఏ ఫైలూ పంపదు, ఓటీపీ అడగదు, డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి’ అని ప్రతి సందేశం చివర ఉండాలి. మీరు కూడా లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు పుస్తకాల ఫొటోలు ఏ గ్రూపులోనూ పెట్టకండి. ‘లిస్టు వచ్చింది’ అని ఉత్సాహంగా పెట్టే పీడీఎఫ్‌లలో అవే ఉంటాయి.

7. రిజిస్టరు పెట్టండి

వచ్చినవాళ్లు ఏం అడిగారో ఒక నోటుబుక్కులో రాయించండి: ఊరు, ప్రశ్న, ఎక్కడికి పంపాం. పేరు అక్కర్లేదు. శనివారం దాన్ని తిరగేస్తే వచ్చేవారం ఏం చెప్పాలో దానంతటదే తెలుస్తుంది. ఒకే ఊరి నుంచి అందరూ పింఛను గురించే అడిగితే, తప్పు జనానిది కాకపోవచ్చు. అక్కడి పోస్టాఫీసులో వేలిముద్ర మిషను పాడై ఉండొచ్చు. అలాంటప్పుడు ఇంకో పోస్టరు వేయించినా లాభం లేదు. ఎంపీడీవోకు ఫోన్ చేయాలి.

8. ఎన్నికల కోడ్ వస్తే ఆపండి

ఎన్నికల షెడ్యూలు ప్రకటించిన రోజు నుంచి ప్రక్రియ ముగిసేదాకా పథకాల ప్రచారం, చెక్కుల పంపిణీ సభలు, ప్రభుత్వ భవనాన్ని పార్టీ పనికి వాడటం కుదరవు. స్థానిక ఎన్నికలకూ కోడ్ ఉంటుంది. ఆ రోజుల్లో చానల్‌లో ఏమైనా పెట్టే ముందు రిటర్నింగ్ అధికారి కార్యాలయంలో అడగండి. అప్పటికే అర్జీ పెట్టినవాళ్లకు ‘కోడ్ వల్ల ఆగింది, ఫలానా తేదీ తర్వాత కదులుతుంది’ అని ముందే చెప్పి ఉంచితే, తాళం వేసిన గేటు దాకా వచ్చి తిరిగిపోయే పని ఉండదు.