పెంకుపురుగులను గుర్తుపడదాం – 4వ పాఠం: పై పెదవి ఎక్కడ?

పోయిన పాఠంలో క్లిక్ బీటిల్‌ను వెల్లకిలా పడుకోబెట్టి, అది టక్కున ఎగిరి బోర్లా పడటం చూశాం. ఈసారి దాని దాయాది యూక్నెమిడే కుటుంబం. ప్రపంచంలో 1,500కు పైగా జాతులున్నా దీని పేరు విన్నవారు తక్కువ. టక్కుమన్న చప్పుడు విని పేరు పెట్టేయకండి. వీటిలోనూ చాలా జాతులు అలాగే ఎగురుతాయి.

మొన్న వాన వెలిశాక బెంగళూరు మల్లేశ్వరంలో మా బాల్కనీ దీపం కింద బియ్యపు గింజంత గోధుమరంగు పురుగు చచ్చి కనిపించింది. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, సన్నని కుంచెతో ముఖం తుడిచి, పదిరెట్ల భూతద్దం కింద పెట్టాను. క్లిక్ బీటిల్‌కైతే దవడల పైన చిన్న రేకులా పై పెదవి కనిపించాలి. దీనికి తల కిందికి వంగి, నుదురు నేరుగా దవడల దాకా దిగింది. ఆ రేకు జాడే లేదు. ఎంతసేపు చూశానో చెప్పలేను!

వెంటనే తిప్పి పొట్ట చూడండి. అడుగున అయిదు పలకలుంటాయి. క్లిక్ బీటిల్‌లో సాధారణంగా చివరిది మాత్రం కాస్త కదులుతుంది. నానిన పురుగును గుండుసూది మొనతో మెల్లగా తాకితే తెలుస్తుంది. యూక్నెమిడేలో అయిదూ అతుక్కుపోయి ఉంటాయి.

ఈ రెండు గుర్తులూ కంఠస్థం చేసి ఊరుకుంటే పెరోథాప్స్ దగ్గర బోల్తా పడతాం. ఉత్తర అమెరికాకు చెందిన ఈ ప్రజాతికి పై పెదవి స్పష్టంగా కనిపిస్తుంది, గోళ్లు దువ్వెన పళ్లలా ఉంటాయి. అందుకే ఒకప్పుడు దానికి వేరే కుటుంబం కట్టారు. 1896లో పేరు పొందిన అనిస్కియా అనే చిట్టి పురుగులదీ అదే కథ. 2007లో వెలువడిన ఒక పరిశోధన రెండింటినీ యూక్నెమిడేలోకే చేర్చింది. ఒక్క గుర్తుతో కుటుంబం తేల్చకూడదని నేను పట్టుబట్టేది ఇందుకే.

లార్వాల సంగతి క్లుప్తంగా: చాలావాటికి కాళ్లుండవు, బూజు పట్టి పుచ్చిన కొయ్యలో బతుకుతాయి. అయితే లాల్‌బాగ్ తోటలో పడిపోయిన దుంగలను చీల్చకండి. దీపం కింద చచ్చినవి చాలు.

అభ్యాసం: దొరికిన పురుగు ముఖం, పొట్ట విడివిడిగా గీయండి. బొమ్మ పక్కన తేదీ, చోటు రాయండి. పేరు మాత్రం పెన్సిల్‌తోనే రాయండి.