ఇంటి దగ్గర కారు పని, 6వ పాఠం: థ్రాటిల్ బాడీ మార్చడం

పోయినసారి థ్రాటిల్ బాడీ, అంటే ఇంజిన్‌లోకి పోయే గాలిని రేకుతో తెరిచి మూసే పార్టు, కడగడం చెప్పాను. కడిగినవాళ్లకి కొత్త తలనొప్పి పట్టుకుంది. "ఇంజిన్ 1500 ఆర్పీఎం దగ్గరే కూర్చుంది, దిగట్లేదు, పార్టు పోయినట్టుంది, కొత్తది వేసుకోవడం చెప్పండి" అన్నదే ఎక్కువమంది మాట. వేసుకోవడం ఈ పాఠంలోనే ఉంది. కానీ కడిగిన వెంటనే రేసు పెరిగినవాళ్లు అప్పుడే డబ్బులు తియ్యకండి. చాలామటుకు పార్టు బాగానే ఉంటుంది, ఈసీఎం, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, పాత లెక్కలో ఉండిపోతుంది.

రేకు అంచు చుట్టూ మసి పేరుకుంటే గాలి దారి సన్నబడుతుంది. ఐడిల్ (పెడల్ తొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) పడిపోకుండా ఈసీఎం రేకుని కొంచెం కొంచెంగా ఎక్కువ తెరుస్తూ, ఆ తెరుపుని గుర్తు పెట్టుకుంటుంది. మీరు మసి కడిగేశారు. ఆ సంగతి దానికి తెలీదు. పాత తెరుపే ఇస్తుంది, గాలి ఎక్కువ దూరుతుంది, రేసు ఎక్కుతుంది. కొత్త థ్రాటిల్ బాడీ వేసినా ఇదే తంతు. ఈసీఎంకి కొత్త లెక్క నేర్పించే పద్ధతి కింద ఉంది, ముందు అది చెయ్యండి.

కీ ఆన్‌లో ఉండగా రేకుని వేలితో తోసినవాళ్ల సంగతి వేరు. రేకుని తిప్పే మోటారు ఎదురు తిరిగితే వేలు నలుగుతుంది, లోపలి ప్లాస్టిక్ పళ్ల చక్రం విరుగుతుంది. విరిగితే కొత్తదే గతి.

ఇప్పుడు అసలు చిరాకు. స్కానర్‌లో పి2135 కనపడగానే "థ్రాటిల్ బాడీ పోయింది" అనేస్తున్నారు. ఆ కోడ్ చెప్పేది ఒక్కటే: రేకు ఎంత తెరుచుకుందో చెప్పే రెండు పొజిషన్ సెన్సర్ల మాటలు కలవట్లేదని. సెన్సర్ అరిగినా కలవవు, వైరు తెగినా కలవవు, ఎర్త్ బాగోకపోయినా కలవవు. కళింగపట్నం, భావనపాడు, బారువ వైపు తీరం పక్కన తిరిగే బళ్లలో ముందు అనుమానించాల్సింది కప్లర్‌ని, అంటే వైర్లు తగిలించే ప్లగ్గుని. కీ తీసి, కప్లర్ ఊడదీసి, టార్చి వేసి లోపల చూడండి. పిన్నుల మొదట్లో పచ్చటి చిలుము కనపడితే దొంగ దొరికినట్టే. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరాక మూడు నాలుగు సార్లు పెట్టి తీయండి. ఉప్పు కాగితంతో రుద్దకండి, పిన్ను పూత పోతుంది.

తర్వాత మల్టీమీటర్. కప్లర్‌కి మామూలుగా 6 వైర్లు. 2 మోటారువి, మిగతా 4లో ఒకటి 5 వోల్టుల సప్లై, ఒకటి ఎర్త్, రెండు సిగ్నల్. ఏది ఏదో మీ బండి వైరింగ్ బొమ్మలో చూసుకోండి, రంగుని బట్టి ఊహించకండి. కప్లర్ పెట్టే ఉంచి, వెనక నుంచి సన్న పిన్ను దూర్చి, కీ ఆన్‌లో కొలవాలి. సప్లై 5కి దగ్గరగా రావాలి. సెన్సర్ ఎర్త్‌కీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య 0.1 వోల్టు దాటితే ఎర్త్ దారి బాగోలేదు. పెడల్ మెల్లగా నొక్కుతుంటే చాలా బళ్లలో ఒక సిగ్నల్ పెరుగుతుంది, రెండోది తగ్గుతుంది, రెండూ కలిపితే ఎక్కడ కొలిచినా సుమారు 5. కొన్నిట్లో రెండూ పెరుగుతాయి. ఏ రకమైనా మధ్యలో గెంతకూడదు. సప్లై, ఎర్త్, వైర్లు బాగుండి కూడా సిగ్నల్ గెంతిందా, అప్పుడు కొనండి. ఇంజిన్ ఆగి ఉంటే కొన్ని బళ్లలో రేకు పూర్తిగా తెరుచుకోదు, అది లోపం కాదు.

కొనేటప్పుడు పాత దాని మీది పార్టు నంబరు అక్షరం తప్పకుండా కలవాలి. తుక్కు బండిలోది నేనైతే వద్దంటాను: సెన్సర్ ఎంత అరిగిందో పైకి కనపడదు. అతుకులో పెట్టే కొత్త ప్యాకింగ్ (గాస్కెట్) కూడా కొనండి.

విప్పడం పెద్ద పని కాదు. చల్లారిన ఇంజిన్, బ్యాటరీ నెగటివ్ తీయడం, గాలి పైపు క్లాంపు, కప్లర్, 4 బోల్టులు. కొన్ని బళ్లలో థ్రాటిల్ బాడీకి కూలెంట్ పైపులు రెండు ఉంటాయి. వాటిని గుడ్డ చుట్టి, కూలెంట్ కారకుండా క్లాంపుతో నొక్కి, ఊడదీసి, పోయినంత కూలెంట్ మళ్లీ పొయ్యండి. మానిఫోల్డ్ (ఇంజిన్‌కి గాలి పంచే గొట్టం) నోట్లో గుడ్డ కుక్కితే దాని తోక బయటికి వేలాడాలి. మర్చిపోతే ఇంజిన్ మింగేస్తుంది. కొత్తది చేతిలోకి తీసుకోగానే రేకు పూర్తిగా మూసుకోకుండా సన్న సందు కనపడుతుంది. కరెంటు లేనప్పుడు స్ప్రింగు దాన్ని అక్కడే నిలపాలి, షాపుకి తిప్పి పంపకండి. ప్యాకింగ్‌కి సిలికాన్ పుయ్యకండి. బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. చాలా బళ్లలో మానిఫోల్డ్ ప్లాస్టిక్‌ది, 6 మిల్లీమీటర్ల బోల్టుకి మామూలుగా 8 నుంచి 10 న్యూటన్ మీటర్లు చాలు. మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే ఖాయం. బలం చూపిస్తే లోపలి ఇత్తడి మర ఊడి వస్తుంది.

ఇక నేర్పించడం. బ్యాటరీ వైరు పది నిమిషాలు తీసేస్తే చాలనుకోకండి. కొన్ని బళ్లలో పాత లెక్క పోతుంది, కొన్నిట్లో పోదు. కొన్ని బళ్లకి పనికొచ్చే వరస ఇది. బ్యాటరీ 12.4 వోల్టుల పైన ఉండాలి. ఏసీ, లైట్లు, కారు లోపలి ఫ్యాను అన్నీ ఆపండి. పెడల్ ముట్టుకోకుండా కీ ఆన్ చేసి 10 సెకన్లు ఉంచండి, రేకు "కిర్ర్" మంటూ కదులుతుంది. ఆపి 20 సెకన్లు ఆగండి. ఇలా మూడుసార్లు. తర్వాత స్టార్ట్ చేసి, రేడియేటర్ ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా పెడల్ తొక్కకండి. ఆ తర్వాత ఏసీ వేసి మరో 5 నిమిషాలు. ఒప్పుకోని బళ్లకి స్కానర్‌లో థ్రాటిల్ అడాప్టేషన్ (ఈ నేర్పించే పనే స్కానర్‌తో) చెయ్యాల్సిందే. అది చేశాక కూడా రేసు దిగకపోతే ప్యాకింగ్ దగ్గర గాలి లీకు చూడండి: ఐడిల్‌లో ఉండగా కప్లర్‌కి తగలకుండా ఆ అతుకు మీద కొంచెం నీళ్లు చిలకరించండి, ఇంజిన్ చప్పుడు మారితే లీకు అక్కడే. మండే స్ప్రేలు వాడొద్దు.

అభ్యాసం: పార్టు మార్చకపోయినా చెయ్యండి. పెడల్ వదిలేసి, పావు, సగం, ముప్పావు, పూర్తిగా నొక్కి, రెండు సిగ్నళ్లు 5 చోట్ల కొలిచి రాయండి. చల్లగా ఉన్నప్పుడు ఒకసారి. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్లో గానీ విజయనగరం మూడు లాంతర్ల దగ్గర గానీ సాయంత్రం రద్దీలో అరగంట తిప్పి, వేడి మీద ఇంకోసారి. మూడోసారి వేడి మీదే, ఒకరు వైర్ల కట్టని మెల్లగా ఊపుతూ ఉంటే. మొత్తం 30 అంకెలు. ఊపినప్పుడే అంకె గెంతితే తప్పు వైర్లదో కప్లర్‌దో అని రాసుకోండి. వచ్చే పాఠంలో వైరు అతకడం ఆ అంకెల మీదే మొదలుపెడతాం.